ప్రజా వాగ్గేయకారుడు గూడ అంజయ్య

సింగరేణి బొగ్గుసీమ సంపదను కొలుచుటకు టన్నులున్నవి. ఏటేట ముద్రితమగు నివేదికలున్నవి. ఆ సీమలో పుట్టిన పాటలను కొలుచుటకు అట్టి సాధనమేదియు లేదు. అయినను గోదావరికి రెండు గట్లనున్న రామగుండము, గోదావరిఖని, మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి మొదలగు పట్టణముల చరిత్రను నివేదికలలో మాత్రమే చదివినవారికి సగము చరిత్రయే తెలియును. తక్కిన సగము పాటలో నున్నది. ఆ పాటను కట్టినవారిలో ముందు వరుసన నిలుచువారు గూడ అంజయ్య.

ఆయన పేరు చెప్పగా గుర్తుపట్టనివారు కూడ ఆయన పల్లవి ఎత్తగానే వంత అందుకొందురు. పాటకు కీర్తి దక్కి పాటగాని పేరు మరుగున పడుట మన జానపద వాఙ్మయములో కొత్త కాదు. దంపుళ్ల పాటను, నాట్ల పాటను ఎవరు కట్టిరో మనమెరుగము. ఎరుగకపోవుటను లోపముగా ఎన్నడును భావింపలేదు. కాని అంజయ్య పురాతనులు కారు. 1955లో జన్మించి 2016లో గతించినారు. ఆయనను చూచినవారు, ఆయనతో కలసి పాడినవారు నేటికిని ఉన్నారు. అట్టి కవి పాట కన్నులయెదుటనే అజ్ఞాతకర్తృకమగుచుండగా ఊరకుండుట భావ్యమా యన్నది మా ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ముందు ఆయన జీవితమును, గానరీతిని కొంత పరిశీలింతము.

ఆ పాట పుట్టిన నేలను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. 1871లో భూగర్భ పరిశోధనశాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గు నిక్షేపములను కనుగొనినారు. 1886లో ఇంగ్లండున నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులను పొందినది. 1920 డిసెంబరు 23వ తేదీన సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. 1945లో నిజాము ప్రభుత్వము దాని వాటాలలో అధికభాగమును కొని, ఆ సంస్థను సర్కారు సంస్థగా మార్చినది. నేడు అందు రాష్ట్ర ప్రభుత్వమునకు నూటికి 51, కేంద్ర ప్రభుత్వమునకు 49 వాటాలు కలవు. గనులు ఇల్లెందు నుండి బెల్లంపల్లి, కొత్తగూడెము వైపు సాగి, 1960ల ఆరంభమున గోదావరి దక్షిణపుగట్టునకు చేరినవి. అంతవరకు చేలు, చెలకలు, అడవియు నున్న చోట గోదావరిఖని యను కొత్త ఊరు వెలసినది.

ఆ ఊరికి జనము ఎక్కడ నుండి వచ్చినది? కరీంనగరము, ఆదిలాబాదు, వరంగల్లు జిల్లాల పల్లెల నుండి వచ్చినది. పాలేర్లు, కౌలుదారులు, మగ్గము విడిచినవారు, వానలు లేక చెలకను బీడు పెట్టినవారు వచ్చిరి. వారు తమ వెంట తెచ్చుకొనిన ఆస్తిలో పాట ఒకటి. నాట్ల పాట, కోలాటము, బతుకమ్మ పాట, ఒగ్గువారు చెప్పు మల్లన్న కథ, దప్పు దరువు ఇవన్నియు ఆ కార్మికవాడలకు నడచివచ్చినవి. కాని ఇక్కడ ఒక చిక్కు ఏర్పడినది. పొలములో పాటకు పనియే తాళము. నాటు వేయు చేతికి, రోకలి ఎత్తు చేతికి సరిపోవునట్లు పాట నడచును. బాయిలో అట్లు కాదు. సైరన్ కూతకు మేలుకొని, తలకు దీపము తగిలించుకొని, ఇంక్లైను దిగి, తట్ట చెమ్మసు పట్టిన మనిషికి పాడుటకు గాలియు చాలదు, చెవికి వినబడుటకు నిశ్శబ్దమును చాలదు. కనుక పాట పనిలోనుండి బయటకు వచ్చినది. అరుగు మీదకు, కూడలికి, సభకు వచ్చినది. పనితోపాటు సాగు పాట స్థానమున, పనిని గూర్చి ఆలోచించు పాట కావలసివచ్చినది. అంజయ్య తరము వారు ఆ అవసరమును తీర్చినారు.

అంజయ్య పుట్టినది గోదావరి ఉత్తరపుగట్టున, దండేపల్లి మండలములోని లింగాపురము. అది నాడు ఆదిలాబాదు జిల్లాలోనిది. 2016 అక్టోబరున జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగిన పిదప మంచిర్యాల జిల్లాలోనిది. గూడెము గుట్టమీది సత్యనారాయణస్వామి కోవెల ఆ మండలమునందే కలదు. వరిమళ్లు, ఏటి ఒడ్డు, దూరమున అడవి అటు. రైలు కట్ట, బొగ్గుబాయి, సిమెంటు కర్మాగారము ఇటు. ఈ రెంటి నడుమ ఆయన బాల్యము గడచినది. దళిత కుటుంబములో పుట్టిన బాలునకు ఊరిలోని చెరువెవరిది, పొలమెవరిది, వాడ ఎక్కడ ఆగవలెను అను పాఠములు బడిలో చేరక మునుపే తెలిసియుండును. పిదప ఆయన హైదరాబాదున ఔషధశాస్త్రము చదివి, ప్రభుత్వ వైద్యశాలలలో ఫార్మసిస్టుగా ఉద్యోగము చేసినారు. పగలు మందులు పంచినారు. తక్కిన వేళల పాటలు కట్టినారు. కథలు, నవల కూడ వ్రాసినారు. కాని జనము ఆయనను పాటతోనే ఎరుగును.

ఆయన యౌవనము గడచిన కాలము సామాన్యమైనది కాదు. 1969లో స్థానికులకు ఉద్యోగములు కావలెనను కోరికతో పాల్వంచలోని థర్మల్ విద్యుత్కేంద్రము వద్ద రగిలిన నిప్పు తెలంగాణమంతట వ్యాపించినప్పుడు ఆయనకు పదమూడేండ్లు. 1975 జూను నుండి 1977 మార్చి వరకు అత్యవసర పరిస్థితి నడచినది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీలు వేల సంఖ్యలో ఊరేగినారు; ఆ మరునెలలో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతములుగా ప్రకటింపబడినవి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులపై కాల్పులు జరిగినవి. ఈ స్థలములన్నియు బొగ్గుసీమకు చుట్టుప్రక్కలనే యున్నవి. వెట్టి, భూమి, కూలి, దొరతనము అను మాటలు ఆనాడు పుస్తకములలోని మాటలు కావు. అవి ఇంటింట చర్చకు వచ్చిన సంగతులు. విద్యార్థిదశలోనే అంజయ్య వామపక్ష భావములవైపు ఆకర్షితులైనారు. ఆ కాలపు ఆవేశమే ఆయన పాటకు మొదటి ఊపిరి.

ఆయనకు ముందే తెలుగునాట ఇట్టి పాటకు ఒక బాట ఏర్పడియున్నది. 1940లలో కోస్తా ప్రాంతమున షేక్ నాజర్ బుర్రకథను ప్రజాసమస్యలకు వాహనముగా చేసినారు. తెలంగాణ సాయుధపోరాట కాలమున సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల ఫక్కిని పోరుపాటకు అనువుగా మలచినారు. అదే కాలమున బండి యాదగిరి కట్టిన పాట నేటికిని జనము నాలుకలపై నున్నది. శ్రీకాకుళమున సుబ్బారావు పాణిగ్రాహి జముకులకథను చేపట్టి, 1969 డిసెంబరున ప్రాణములనే అర్పించినారు. 1972లో హైదరాబాదున జననాట్యమండలి ఏర్పడినది. గుమ్మడి విఠల్ రావు గద్దర్ అను పేరుతో దానికి కంఠమైనారు. ఉత్తరాంధ్రము నుండి వంగపండు ప్రసాదరావు తోడైనారు. ఈ వరుసలో అంజయ్య నిలిచిన చోటు ప్రత్యేకమైనది. నాజరు, గద్దరు, వంగపండు గొప్ప ప్రదర్శకులు. వేదికపై వారి ఆట, వేషము, కంఠము పాటతో పెనవేసికొని యుండును. అంజయ్య కూడ పాడినారు. కాని ఆయన పాట తన కంఠముపై ఆధారపడలేదు. ఎవరు పాడినను నిలుచునట్లు దానిని కట్టినారు. ఇదియే ఆయన బలము. ఆయన పేరు మరుగున పడుటకు ఇదియే కారణము కూడ.

ఇక ఆయన గానరీతిని పరిశీలింతము. మన సంగీతశాస్త్రములో వాగ్గేయకారుడను మాటకు నిశ్చితమైన అర్థము కలదు. పదమూడవ శతాబ్దమున శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున మాతువను మాటను, ధాతువను స్వరమును రెంటిని కూర్చువాడే వాగ్గేయకారుడని చెప్పినాడు. సాహిత్యము ఒకరు వ్రాయగా వరుస మరొకరు కట్టుట ఈనాటి చలనచిత్ర పద్ధతి. అంజయ్య పాటలో మాట ముందా, వరుస ముందా యని విడదీయుట సాధ్యము కాదు. పల్లె నోట పలికెడు మాటకే ఒక ఎత్తు, ఒక దించు, ఒక సాగుడు కలవు. ఆయన ఆ సాగుడును పట్టుకొని దానినే వరుసగా నిలిపినారు. కనుక ప్రజలు ఆయనను వాగ్గేయకారుడని పిలుచుట గౌరవార్థము మాత్రమే కాదు; శాస్త్రార్థమున కూడ సరియైనది.

ఆయన రీతిలోని మొదటి లక్షణము సంబోధన. ఆయన ప్రసిద్ధ గీతములను వరుసగా తలచికొనిన ఒక విషయము స్ఫురించును. దాదాపు ప్రతి పాటయు ఎవరినో ఒకరిని పిలుచును. ఒకదానిలో కొడుకును పిలుచును. ఒకదానిలో బిడ్డను పిలుచును. వేరొకదానిలో రాజిగాడను తోటివానిని, మరియొకదానిలో లచ్చన్నను పిలుచును. అనగా ఆ పాట లోకమునకు చేయు ఉపన్యాసము కాదు. ఒక మనిషి మరియొక మనిషితో ఆడు మాట. వినువాడు తానే ఆ కొడుకునని, తానే ఆ రాజిగాడనని అనుకొనును. పిలుపులోని చివరి అచ్చు దీర్ఘమై సాగును. పొలము ఈ గట్టు నుండి ఆ గట్టునకు పిలిచినప్పుడు పల్లె మనిషి కంఠము ఎట్లు సాగునో అట్లే సాగును. ఆ సాగుడులో గాయకునకు ఊపిరి దొరకును, వంతవారికి అందుకొనుటకు అదను దొరకును, దప్పు వాద్యగానికి దరువు మార్చుటకు చోటు దొరకును. ఒక్క పిలుపుతో మూడు పనులు నెరవేరినవి.

రెండవ లక్షణము పల్లవి యొక్క కురచదనము. ఆయన పాటలలో మిక్కిలి ప్రఖ్యాతమైన ‘ఊరు మనదిరా’ అను గీతమునే తీసికొందము. ఆ పేరులోని మాత్రలను లెక్కించిన ఎనిమిది వచ్చును. మొదట ఒక దీర్ఘము, తుదను ఒక దీర్ఘము, నడుమ నాలుగు హ్రస్వములు. నిలిచి, నడచి, మరల నిలుచునట్టి నడక. చదువురాని వాడును ఒక్కసారి విని పట్టుకొనవచ్చును. వేయిమంది కలసి పాడినను మాట చెదరదు. పొడవైన పల్లవిని జనసమూహము పాడలేదు. సభలో, ఊరేగింపులో వెనుకనున్నవారికి ముందువారి మాట ఆలస్యముగా చేరును. పల్లవి కురచయైనచో ఆ ఆలస్యము తెలియదు. ఈ రహస్యమును మన బతుకమ్మ పాటలు, కోలాటపు పాటలు ఎప్పుడో కనిపెట్టినవి. అంజయ్య ఆ కొలతనే స్వీకరించినారు.

మూడవ లక్షణము పట్టిక. ఆ గీతమున ఊరిలోని ఒక్కొక్క వస్తువును, ఒక్కొక్క పనిముట్టును పేర్కొనుచు, అవన్నియు కష్టించువారి చేతిలోనివే యైనప్పుడు నడుమ మరియొకరి పెత్తనమేల యని కవి ప్రశ్నించును. వాదమంతయు వస్తువుల పేర్లతోనే నడచును. సిద్ధాంతపు మాట యొక్కటియు అక్కరలేదు. పట్టికలో మరియొక సౌకర్యము కలదు. పాడువాడు తన ఊరికి, తన పనికి తగినట్లు ఒక చరణమును చేర్చుకొనవచ్చును. నాగలి పట్టువారి నోట ఒక తీరున, తట్ట మోయువారి నోట మరియొక తీరున అది పెరుగును. ఇట్లు ఒకరు కట్టిన పాట అందరును కట్టుకొను పాట యగును. ఆ గీతము పదునారు భాషలలోనికి పోయినదని చెప్పుదురు. పోవుటలో వింత లేదు. ఊరు, చెరువు, చెమట లేని భాష యేది?

నాలుగవది భాష. అంజయ్య పుస్తకభాషను పల్లెభాషగా అనుకరింపలేదు. ఆదిలాబాదు, కరీంనగరము సీమలలో ఇంటి ముంగిట వినబడు మాటనే నేరుగా పాటలో పెట్టినారు. ‘పైలము’ అను మాటకు ‘జాగ్రత్త’ యనుట అర్థము మాత్రమే. అందులోని తల్లి గొంతు, దాని వెనుకనున్న భయము, అర్థములో రావు. ఇరువది ముప్పదియేండ్ల క్రిందట ఈ భాషను విన్న కొందరు పండితులు మొగము చిట్లించియుండవచ్చును. కాని పాల్కురికి సోమనాథుడు పదమూడవ శతాబ్దముననే తుమ్మెద పదములు, ప్రభాత పదములు, వెన్నెల పదములు మొదలగువానిని ఆదరముతో పేర్కొనినాడు గదా! జాను తెనుగునకు పట్టము గట్టిన తెలుగునాట ఇంటి మాటకు సంకోచమెందుకు?

ఐదవది స్వరముల పరిమితి. ఈ పాటల వరుసలు సాధారణముగా ఐదారు స్వరముల లోపలనే తిరుగును. పై స్థాయికి ఎగబ్రాకుట, గమకములతో అలంకరించుట ఉండవు. తిస్ర, చతురస్ర గతులు, దప్పు దెబ్బ, కాలి గజ్జె చాలును. దీనిని దారిద్ర్యముగా తలంపరాదు. మగవారు, ఆడవారు, పిల్లలు, వృద్ధులు ఒకే శ్రుతిలో కలసి పాడవలసిన పాటకు విస్తారమైన స్థాయి అడ్డము. పరిమితిని పాటించుట కూడ శిల్పమే. అయినను అంజయ్య పాటలన్నియు ఒకే ఎత్తున ఉన్నవనుట సత్యము కాదు. ఒక సభకో, ఒక సందర్భమునకో కట్టిన పాటలు ఆ సందర్భముతోనే చల్లబడినవి. నినాదము ఎక్కువై మనిషి తక్కువైన చోట వరుస ఎంత చక్కనిదైనను పాట నిలువలేదు. పిలుపు, పిలువబడు మనిషి ఉన్న చోటనే నిలిచినది.

ఈ విషయము రెండు పాటల పోలికతో తేటపడును. పట్నమునకు పోవు కొడుకునకు జాగ్రత్తలు చెప్పు పాట ఒకటి కలదు. దానిని బి. నర్సింగరావు 1983లో తీసిన ‘రంగుల కల’ చిత్రమున గద్దర్ పాడి, లక్షల మందికి చేర్చినారు. ఆ పాటలో ఆవేశము లేదు, ఉన్నది దిగులు. పంపక తప్పదు, పంపుటకు మనసొప్పదు. పొట్టకూటికై కొడుకును పరాయి చోటికి సాగనంపిన ప్రతి ఇంటికిని ఆ పాట తనదే. బొగ్గుసీమలో దాని అర్థము మరింత లోతైనది. ఇక్కడ కొడుకు పోవునది పట్నమునకు కాదు, భూమి లోపలికి. పోయినవాడు షిఫ్టు ముగిసి పైకి వచ్చువరకు ఇంటివారి చెవి సైరను మీదనే యుండును. గని ప్రస్తావన లేని పాట గని కార్మికుల ఇండ్లలో ఇంతగా నాటుకొనుటకు హేతువు ఇదియే యని మా తలంపు.

రెండవది సర్కారు దవాఖానకు తాను రానని మొరాయించు రోగి పాట. ఇది నవ్వించును, కాని ఆ నవ్వు గొంతులో అడ్డుపడును. దీనిని వ్రాసినవారు ప్రభుత్వ వైద్యశాలలోనే మందులిచ్చు ఉద్యోగి యని తెలిసినప్పుడు దాని విలువ ఇనుమడించును. బయటనుండి వేలెత్తి చూపిన విమర్శ కాదది. లోపల కూర్చుండి, వరుసలో నిలిచిన బీదల ముఖములను దినదినము చూచిన మనిషి వేదన. ఉద్యోగమునకు ముప్పు వచ్చునేమోయని మాట మింగక, పాటలో చెప్పినారు. రోగి నోట చెప్పించినారు గనుక అది ఫిర్యాదు కాలేదు, కళ యైనది. ఈ పాట వచ్చి ఏండ్లు గడచిన పిదప కూడ ప్రభుత్వ వైద్యమును గూర్చి మాట వచ్చినప్పుడెల్ల రాజకీయవేదికలపై దానినే ఉదాహరించుచుండుట మనమెరిగినదే.

తెలంగాణ రాష్ట్రోద్యమము మలిదశలో అంజయ్య కలము మరల ముందునకు వచ్చినది. పల్లెలో చవట తోటివానిని నిలదీయు ధోరణిలో, ఎగతాళి మేళవించి ఆయన కట్టిన పాటలు ధూంధాం వేదికలపై మారుమ్రోగినవి. ఆర్. నారాయణమూర్తి చిత్రములలో కూడ ఆయన గీతములు వినిపించినవి. 2011 సెప్టెంబరు 13న సకలజనుల సమ్మె ఆరంభమైనప్పుడు సింగరేణి కార్మికులు బాయి దిగుట మానిరి; బొగ్గు నిలిచిపోవుటతో విద్యుత్కేంద్రములకు చిక్కు వచ్చినది. ఆ దినములలో గనుల ముంగిట జరిగిన సభలలో ఉపన్యాసము కన్న పాటకే ఎక్కువ చెవులు దొరకినవి. 2014 జూను 2న రాష్ట్రమేర్పడినది. అప్పటికే మూత్రపిండముల వ్యాధితో నలిగిపోవుచున్న అంజయ్య ఆ దినమును కన్నులార చూచినారు. రెండేండ్ల పిదప, 2016 జూను 21న కన్నుమూసినారు. అరువది సంవత్సరముల ఆయుర్దాయము. ఆయన పాటకు ఎంతో ప్రాచుర్యము కల్పించిన గద్దర్ 2023 ఆగస్టు 6న గతించినారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. పాట ఇంతగా వ్యాపింపగా పేరెందుకు వ్యాపింపలేదు? దీనికి మూడు కారణములు తోచుచున్నవి. మొదటిది, ఆయన పాటలలో ముద్ర లేదు. క్షేత్రయ్య పదమున మువ్వగోపాలుడు, త్యాగయ్య కృతిలో త్యాగరాజ నామము కర్తను కాపాడినవి. ఊరు అందరిదని చెప్పు పాటలో కవి తన పేరు ఎట్లు పెట్టుకొనగలడు? రెండవది, ఈ పాటలు ముందుగా నోటనుండి నోటికి, పిదప చిన్న పుస్తకముల ద్వారా, ఆ పిమ్మట క్యాసెట్ల ద్వారా ప్రాకినవి. పాడినవాని పేరు అట్టపైన ఉండెడిది. కట్టినవాని పేరు ఉండిన ఉండెను, లేకున్న లేదు. మూడవది, ప్రసిద్ధమైన కంఠము పాటను తన వెంట తీసికొనిపోవును. 1980లో విడుదలైన ‘మా భూమి’ చిత్రమున గద్దర్ పాడిన బండి యాదగిరి పాటను నేటికిని గద్దర్ పాటయే యని చాలమంది తలంచుచున్నారు. ఇందు గాయకుని దోషమేమియు లేదు. జనము వినినది ఆ కంఠమును. జ్ఞాపకముంచుకొనినది ఆ కంఠమునే.

ఇది ఒక విధముగా కవికి లభింపగల అత్యున్నత సత్కారమే కదా యని కొందరందురు. పాట జానపదమైపోయినదన్నమాట, ఇంతకు మించిన పట్టమేమి? ఈ మాటలో సత్యము లేకపోలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1956లో తెలుగు జానపద గేయ సాహిత్యముపై పరిశోధన చేసి పట్టము పొందిన బిరుదురాజు రామరాజు వంటి పెద్దల కాలమునుండియు కర్త తెలియకుండుట జానపద గేయమునకు ఒక ముఖ్య లక్షణముగా ఎంచబడుచున్నది. కాని కర్త తెలియకపోవుట వేరు, తెలిసినవానిని మరచుట వేరు. మొదటిది కాలము చేయు పని. రెండవది మనము చేయు పని. తరతరములుగా చదువునకు, గ్రంథమునకు, శాసనమునకు దూరముగా నుంచబడిన కులములనుండి వచ్చిన కవి విషయమున ఈ మరపు మరింత బరువైనది. వారి శ్రమకు పేరు లేకుండుట ఊరిలో పాత అలవాటు. చెరువు త్రవ్వించినవాని పేరు శాసనమున నుండును, త్రవ్వినవాని పేరుండదు. ఆ అన్యాయమునే జీవితమంత పాటలో ప్రశ్నించిన మనిషికి, పాట విషయమున మనము అదే అన్యాయము చేయరాదు.

ఈ కార్యమున రేడియోకు ప్రత్యేక బాధ్యత కలదని మా విశ్వాసము. 1986లో ఆదిలాబాదున, 1989లో కొత్తగూడెమున ఆకాశవాణి కేంద్రములు వెలసినప్పటినుండి ఈ సీమ పాటకు ఈ సీమ గాలిలోనే చోటు దొరకినది. గీతమునకు ముందు రచన, సంగీతము, గానము అని మూడు పేర్లు చెప్పుట రేడియోకు అలవాటైన మర్యాద. ఆ మర్యాద శాస్త్రీయ గీతమునకు, లలిత గీతమునకు దక్కినట్లే పల్లెపాటకును దక్కవలెను. జానపద ఫణితిలో నున్నంత మాత్రమున ప్రతి పాటను ‘సంప్రదాయము’ అని ప్రకటించి సరిపెట్టుకొనరాదు. కర్త ఎవరో విచారించి, తెలిసినచో పేరు చెప్పవలెను. ఆ ప్రకటనకు అర నిమిషము కూడ పట్టదు. ఆ అర నిమిషము ఒక మనిషి జీవితకాలపు కృషికి దాఖలా యగును.

ఇంకొక తొందరయు కలదు. బొగ్గుసీమ వేగముగ మారుచున్నది. 1975లో రామగుండమున ఉపరితల తవ్వకము ఆరంభమైనది. అప్పటినుండి భూగర్భ గనులు తగ్గి, ఓపెన్‌కాస్టులు పెరిగినవి, యంత్రములు పెరిగినవి. 1990ల ఆరంభమున లక్షకు పైబడిన సంస్థ కార్మికుల సంఖ్య పిదప నలుబది వేల పరిసరములకు తగ్గినది. ఉపరితల గనుల క్రింద ఊళ్లకు ఊళ్లే లేచిపోయినవి. ఊరు మనదని పాడిన చోట ఊరే లేకపోవుట ఆ పాటకు ఆనాడు ఎవరును ఊహింపని కొత్త అర్థమును తెచ్చిపెట్టినది. పునరావాసపు కాలనీలలో పెరుగు పిల్లలకు తాతల ఊరి చెరువు, గుడి, వాడ, చెలక తెలియవలెనన్న పాటలోనే తెలియవలెను. ఆ పాటల వరుసలను, పాఠాంతరములను, వానిని కర్త నోట నేర్చుకొనినవారు బ్రతికియుండగనే ధ్వనిముద్రణ చేసి భద్రపరచుట అవశ్యకర్తవ్యము. ఒకే పాట మంచిర్యాలలో ఒక తీరున, గోదావరిఖనిలో మరియొక తీరున పాడబడును. రెండును సేకరింపదగినవే; ఏ చరణము కవిది, ఏ చరణము జనము చేర్చినది అని విడదీసి గుర్తించుట పరిశోధకుల పని.

అంజయ్య వాగ్గేయకారులలో ఏ స్థానమున నిలుతురో నిర్ణయించుటకు కాలము చాలినంత గడువలేదు. కాని ఒక్కటి మాత్రము నిశ్చయముగా చెప్పవచ్చును. ఆయన పాటను వినుటకు టిక్కెట్టు అక్కరలేకపోయినది, పాడుటకు గురువు అక్కరలేకపోయినది, అర్థము చేసికొనుటకు నిఘంటువు అక్కరలేకపోయినది. ఈ మూడింటిని సాధించిన కవులు ఏ భాషలోనైనను కొందరే యుందురు. రేడియో కల ఇండ్లలో ఇకమీద ఆ పల్లవి వినవచ్చినప్పుడు, ప్రకటనకర్త చెప్పినను చెప్పకున్నను, పెద్దలు పిల్లలకు ఒక్క మాట చెప్పుదురుగాక: ఈ పాట కట్టినది లింగాపురము గూడ అంజయ్య.